సగంలో తెగిన శోకం

అర్ధవీడు చుట్టుపక్కల పల్లెల్లో ఎవరు పోయినా, అయినవాళ్ళతో పాటు గోవిందమ్మకూ కబురు వచ్చేది. ఆమె కూలికి ఏడ్చే మనిషి కాదు, గొర్రెలు కాచుకునే ఇంటి కోడలు. కాకపోతే ఆమెకు వచ్చినట్టు శోకం పెట్టడం ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు. పోయిన మనిషి తలాపున కూచుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ మనిషి బతుకంతా రాగం తీసి చెప్పేది.

చెప్పేముందు వాకిట్లోనే ఆగి ఇంటి ఆడవాళ్ళను పక్కకు పిలిచేది. పోయిన మనిషికి ఏ కూర ఇష్టం, ఎవరితో మాటలు లేకుండా పోయింది, ఆఖరున నోరు తెరిచి ఏం అడిగింది, అన్నీ కనుక్కునేది. అవన్నీ శోకంలోకి వచ్చేవి. వినేవాళ్ళు కూడా ఆ మాటల కోసమే చెవులు అటు పెట్టేవాళ్ళు. ఒకసారి ఒక పెద్దాయన మీద శోకం పెట్టి లేస్తుంటే, ఆయన చెల్లెలు చెయ్యి పట్టుకుని ఆపింది. "మా యన్న నన్ను సంకనేసుకోని తిరునాళ్ళకు తీసుకపోయిన సంగతి చెప్పకపోతివే" అని అలిగి, దినాలు అయ్యేదాకా ముఖం చూడలేదు.

అంత బలమున్న మాటలు కాబట్టే గోవిందమ్మకు వాటంటే భయం. బతికున్నవాళ్ళ ఇంట్లో ఆ రాగం కూనిరాగంగా కూడా రానిచ్చేది కాదు. శోకం పెట్టి వచ్చిన రోజు ఊరి బయట బోరింగు దగ్గరే తల తడుపుకుని, పసుపు నీళ్ళు పుక్కిలించి ఉమ్మిన తర్వాతే గడప తొక్కేది. ఇది ఆమెకు తల్లి నేర్పిన పద్ధతి. శోకంలో పలికిన మాట శవంతో పాటే పోవాలని, ఇంటికి తెచ్చుకుంటే అది ఇంకొక మనిషిని వెతుక్కుంటుందని ఆ తల్లి చెప్పేది.

భర్త అంకన్నకు ఇదంతా నవ్వులాట. మంచం మీద వెల్లకిలా పడుకుని, "నేను పోతే ఏమని పెడతావే? ఇప్పుడే ఒకపారి పెట్టు, బాగుందో లేదో చెప్తా" అనేవాడు.

"నీ నోట్లో మన్నుబడ" అని ఆమె చేతికి దొరికింది విసిరేది.

అట్లాంటి అంకన్న కిందటి శ్రావణ మాసంలో మందను దొడ్డికి తోలి, తడిక కడుతూ కడుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. కాళ్ళు చేతులు కడుక్కుంటాడని గోవిందమ్మ వాకిట్లో చెంబుతో నీళ్ళు పెట్టి పిలిచింది. పలకలేదు. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలవడానికి దొడ్డి దగ్గరికి పోయింది.

ఆ రోజు ఆమె ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది.

"గొర్రెలన్ని దొడ్డికొచ్చె, నువ్వు రాకపోతివే సామీ
చెంబు నీళ్ళు చెంబులోనె, చెయ్యి కడగకపోతివే సామీ
ఒంటిగాడివై పోబాక, తోడు పిలుచుకో సామీ
ఎవరినీ పిలవబాక, నన్నే పిలుచుకో సామీ"

ఆఖరి మాట దగ్గర పక్కనున్న ఆడవాళ్ళు భుజం పట్టుకుని గుంజారు. ఆ మాట అనొద్దన్నారు. ఆమె విన్లేదు. అంటూనే ఉంది.

కోడలు ఈశ్వరి అప్పుడు కురిచేడులో పుట్టింట్లో ఉంది. కడుపుతో ఉన్న పిల్ల శవాన్ని చూడకూడదు, శోకం వినకూడదు అని పెద్దవాళ్ళు రానివ్వలేదు. మామ పోయిన సంగతి ఫోన్లో విని అక్కడే ఏడ్చుకుంది. కాన్పయి, ఆడపిల్లను ఎత్తుకుని ఐదో నెలలో అత్తగారింటికి వచ్చేసరికి దుఃఖం ఇంట్లో ఒక మూలకు సర్దుకుంది. మందలో సగం అమ్మేశారు. కొడుకు శివకృష్ణ మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీకి పోయి వస్తున్నాడు. మిగిలిన గొర్రెల వెంట గోవిందమ్మే పోతోంది.

పిల్ల పేరు గోపిక. నిద్రకు మహా పెంకి. ఎండాకాలం వచ్చాక మరీ. రేకుల కింద ఉడుకుకు కళ్ళు మూతపడవు, ఏడుపు ఆగదు.

ఆ రోజు ఎండ ఎక్కువై గోవిందమ్మ మధ్యాహ్నమే గొర్రెలను చెట్ల కిందికి తోలి, మంచినీళ్ళకని ఇంటికి వచ్చింది. ఇంట్లోంచి ఏదో పాట వినపడుతోంది. దడదడమని డీజే దరువు. ఈశ్వరి ఎప్పుడూ అట్లాంటివే పెడుతుంది కాబట్టి పట్టించుకోలేదు. వసారాలో కుండలో నీళ్ళు ముంచుకుంది. నోటి దాకా తెచ్చుకుంది. అప్పుడు దరువు కింద నుంచి రాగం చెవిన పడింది.

గ్లాసు అక్కడే ఆగిపోయింది. ఎవరు పోయినారు, అన్నది ఆమెకు వచ్చిన మొదటి ఆలోచన. ఎవరో పక్కింట్లో ఏడుస్తున్నారనుకుంది. కానీ అది ఇంట్లోంచే వస్తోంది. ఉయ్యాల దగ్గర నుంచి. గొంతు సన్నగా, తొందర తొందరగా, ఎవరో తరుముతుంటే పరుగెత్తుతున్నట్టు ఉంది. ఆ గొంతు అంటున్న మాట మాత్రం తేటగా వినిపిస్తోంది.

తోడు పిలుచుకో సామీ. తోడు తోడు తోడు పిలుచుకో సామీ.

గోవిందమ్మ చేతిలో నీళ్ళు రవికె మీద ఒలికాయి. గడప దాటకుండానే ద్వారబంధం పట్టుకుని చూసింది. చీర ఉయ్యాలలో పిల్ల నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది. దాని చెవి పక్కనే ఫోన్ ఉంది. ఈశ్వరి కింద కూచుని, దరువుకు తగ్గట్టు తల ఊపుతూ చిక్కుళ్ళు వలుస్తోంది.

"ఈశ్వరీ, ఏందమ్మా ఆ పాట?"

"వచ్చినావా అత్తా? ఏదో ఫోన్లో తగిలింది. అందరూ దీనికే రీల్సు చేస్తన్నారు. ఏం మాయ ఉందో గానీ ఇది పెడితే సాలు, నీ మనవరాలు కిక్కురుమనదు. శానా దినాల నుంచి దీంతోనే పండబెడ్తన్నా."

"దాంట్లో మాటలు యిన్నావా?"

"మాటలెవురు యింటారత్తా! దరువు బాగుంటే సాలు" అని ఈశ్వరి నవ్వింది. "ఎవుడో పిల్లోడు మోసం చేసి పోయినట్టుండాడు. ఆ పిల్ల తోడు తోడు అని ఏడుస్తాంది. లవ్ ఫెయిల్యూర్ పాట."

"ఆపు."

"ఆపితే లేస్తాదత్తా..."

"ఆపమంటి గదా!"

ఆ ఇంట్లో గోవిందమ్మ గొంతు అంత పైకి లేవడం ఈశ్వరి ఎప్పుడూ వినలేదు. గబుక్కున ఫోన్ ఆపింది. గోవిందమ్మ గోడకు ఆనుకుని కూలబడింది.

"అది నా గొంతు. మీ మామ తలాపున కూచోని నేను పెట్టిన శోకం."

ఈశ్వరి ముందు నవ్వబోయింది. అత్త ముఖం చూసి నవ్వు మానేసింది. చేతిలో చిక్కుడుకాయలు జారి నేల మీద పడ్డాయి. పాట ఆగడంతో ఉయ్యాలలో పిల్ల కెవ్వుమంది.

గోవిందమ్మ ఉరుకులు పరుగుల మీద పసుపు కలిపి, గుడ్డ తడిపి పిల్ల చెవులు తుడిచింది. బయట తుడిచింది. మడతల్లో తుడిచింది. పిల్ల తల విదిలించుకుంటూ గుక్కపట్టి ఏడుస్తోంది.

"అత్తా, చెవిలోకి నీళ్ళు పోతాయి, ఇడిసిపెట్టు" అని ఈశ్వరి పిల్లను లాక్కుంది.

"నోట్లో మాటైతే పుక్కిలించి ఉమ్మొచ్చు. చెవిలోకి పోయినదాన్ని ఏం చేసి తీయాల తల్లీ?" అంది గోవిందమ్మ. గుడ్డ పిండడం కూడా మరిచిపోయి, పసుపు నీళ్ళు మోచేతుల దాకా కారుతుంటే అట్లే నిలబడింది.

కాసేపటికి ఆమెకు ఇంకో అనుమానం వచ్చింది. ఈశ్వరిని పిల్లతో ఇంట్లోనే ఉంచి, ఫోన్ దొడ్డి దాకా తీసుకుపోయి, పాట ఎట్లా పెట్టాలో అడిగి తెలుసుకున్నది గుర్తు చేసుకుంటూ వేలితో నొక్కింది. గొర్రెలు లేని దొడ్డిలో తన గొంతు తానే విన్నది. గొర్రెలన్ని దొడ్డికొచ్చె అన్న మాట ఉంది. చెంబు నీళ్ళ మాట ఉంది. ఒంటిగాడివై పోబాక, తోడు పిలుచుకో అన్నది మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఆ తర్వాత దరువు విరుచుకుపడి పాట మొదటికి పోతోంది. నన్నే పిలుచుకో అన్న ముక్క లేదు. ఎవరో తెలియని మనిషి, తన దరువుకు సరిపోలేదని దాన్ని కోసి పారేశాడు.

పోయిన మనిషిని తోడు పిలుచుకోమన్నది తానే. ఎవరిని పిలవాలో చెప్పిన మాట మాత్రం తెగిపోయింది. ఎవరినని లేకుండా ఆ పిలుపు ఇన్నాళ్ళూ పసిబిడ్డ చెవిలో మోగుతూ ఉంది. అంకన్న మనవరాలిని చూడకుండానే పోయాడు. కడుపులో ఉండగానే ఆడపిల్లే పుడుతుందని, గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని తిప్పుతానని అందరికీ చెప్పుకున్నవాడు. ఆ మాట గుర్తుకొచ్చి ఆమె దొడ్డిలో నిలబడలేకపోయింది.

మర్నాటికి పిల్ల ఒళ్ళు పేలిపోతోంది.

ఈశ్వరి మందు పోసింది. జ్వరం కొంచెం దిగి మళ్ళీ ఎక్కింది. పిల్ల పాలు తాగలేదు. గోవిందమ్మ మంద వెంట పోకుండా ఉయ్యాల పక్కనే కూచుంది. పిల్ల నిద్రలో ఉలిక్కిపడి గుమ్మం వైపు చూసినప్పుడల్లా ఆమె కూడా గుమ్మం వైపు చూసేది. అక్కడ ఎవరూ ఉండరు. ఎండ ఉంటుంది. పొద్దు బాగా ఎక్కాక పిల్ల కళ్ళు పైకి తేలేసి, చేతులు బిగుసుకుపోయి కొట్టుకుంది. ఈశ్వరి అరిచిన అరుపుకు వీధిలో వాళ్ళంతా వచ్చారు. ఎవరో ఆటో పిలిచారు. మార్కాపురం పోయేదాకా ఆటోలో గోవిందమ్మ పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూచుంది. నోట్లో పళ్ళు బిగబట్టి, ఒక్క మాట కూడా బయటికి రానివ్వలేదు. నోరు తెరిస్తే ఏ మాట వస్తుందో ఆమెకే తెలియదు.

పిల్లల ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి సూది వేసింది, సెలైను పెట్టింది. "జ్వరం ఎక్కువైతే పసిపిల్లలకు ఇట్లా ఫిట్స్ వస్తాయమ్మా. ఒంట్లో నీళ్ళు కూడా తగ్గినాయి. చెయ్యి కదిలించకుండా చూడండి, నిద్రపోతే మంచిది" అని చెప్పి పోయింది.

పిల్ల నిద్రపోతే గదా. సూది గుచ్చిన చెయ్యి విదిలించుకుంటూ ఒకటే ఏడుపు. ఈశ్వరి ఫోన్లో ఒక పాట పెట్టింది, ఇంకోటి పెట్టింది, దరువు ఎక్కువున్నది పెట్టింది, తక్కువున్నది పెట్టింది. పిల్ల ఇంకా గుక్కపట్టింది. ఈశ్వరి అత్త వైపు చూసింది. "అన్నిటికీ దరువు ఉండె గదా అత్తా. అదే ఎందుకు కావాల దీనికి?" అంది ఏడుపు గొంతుతో. గోవిందమ్మకు తెలుసు. అది మాటా కాదు, దరువూ కాదు. ఎంత సాగదీసినా, ఎంత పరుగెత్తించినా, ఆ గొంతు రోజూ స్నానం పోసే నాయనమ్మదని పిల్ల పసిగట్టింది.

శివకృష్ణ ఫ్యాక్టరీ నుంచి పలకల దుమ్ము జుట్టుతోనే వచ్చాడు. సంగతంతా విని మంచం కాళ్ళ దగ్గర నిలబడిపోయాడు.

"నేనే మా, రికార్డు చేసింది" అన్నాడు. "నాయన గురించి నువ్వు చెప్పిన మాటలు పోగూడదని. చినమామ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టిన. ఆడ నుంచి ఎవుడు యాడికి పంపినాడో, ఎవుడు దరువు కలిపినాడో నాకేం తెలుసు?"

"నువ్వు మళ్ళ యింటివా దాన్ని?"

"ల్యా. ఒక్క పొద్దు గూడా తెరవల్యా. తెరిస్తే నాయన..." అని ఆపేశాడు. "నా దగ్గర మొత్తం ఉంది మా. ఆ తెగిపోయిన ముక్క గూడా ఉంటాది. పెట్టేదా?" అని ఫోన్ తీశాడు.

"వద్దు నాయనా. ఫోన్లో మాట ఫోన్‌దే. నాది గాదు."

పక్క మంచం మీద గిద్దలూరు నుంచి వచ్చిన మగ్దలీనమ్మ మనవడిని ఒళ్ళో పెట్టుకుని చర్చి పాట పాడుతోంది. రాగం చూస్తే ఏదో సినిమా పాటది. ఈశ్వరి గుర్తుపట్టి, ఆ బాధలో కూడా తల తిప్పి చూసింది.

మగ్దలీనమ్మ అది కనిపెట్టింది. "రాగం ఎవురిదైతే ఏంది పిల్లా? మాట మాది" అంది. తర్వాత గోవిందమ్మను తేరిపారా చూసింది. "వదినా, వచ్చిన కాడి నుంచి సూస్తన్నా. పెదాలు కదుపుతావు, మింగుతావు. పాడాలని ఉందా, భయమా?"

గోవిందమ్మ జరిగినదంతా చెప్పింది. బయటి మనిషి కాబట్టి చెప్పగలిగింది.

మగ్దలీనమ్మ మనవడి వీపు నిమురుతూ విన్నది. "నీ నమ్మకం సంగతి నాకు తెల్వదు వదినా. మా కాడ మాత్రం పాట సగంలో ఆపితే పాస్టరయ్య ఊరుకోడు. మొదలుపెట్టిన ప్రార్థన ఆమెన్ దాకా పోవాల. సగం ప్రార్థన ఎవురికి చేరతాదో ఎట్ల తెలుస్తాది?"

ఆమె ఏదో మాటవరసకు అన్నది. గోవిందమ్మకు మాత్రం ఆ మాటతో దోవ కనపడింది. దోవ కనపడగానే భయం ఇంకా పెరిగింది. తెగిపోయిన ముక్క మళ్ళీ అతికించాలంటే, ఆ రాగం ఎత్తాలి. బతికున్న పిల్ల ముందర, బతకాలని వచ్చిన పిల్లలందరి మంచాల మధ్య, శవం తలాపున ఎత్తే రాగం ఎత్తాలి. నోరు జారి ఒక్క మాట అటూ ఇటూ అయితే? శోకంలో ఎదురుగా ఉన్నవాళ్ళనే పేరు పెట్టి పిలవడం ఆమెకు అలవాటు. నాలుకకు ఆ అలవాటు ఉంది. అది గోపికా అనేస్తే?

పిల్ల మళ్ళీ కళ్ళు పైకి తిప్పింది. ఈశ్వరి "అత్తా!" అని కేక పెట్టింది. నర్సు పరుగెత్తుకొచ్చి చూసి, ఫిట్స్ కాదు, అలసిపోయింది, అంతే, పండబెట్టండి అంది.

గోవిందమ్మ మంచం మీదికి వంగలేదు. పిల్లకు వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడింది. కిటికీ బయట బస్టాండు వైపు పోయే ఆటోలు, ఎండ. అక్కడ అంకన్న ఉన్నాడనుకుంది. రెండు చేతులా కిటికీ చువ్వలు పట్టుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా, సన్నగా ఎత్తుకుంది.

మొదటి రాగానికే పిల్ల ఏడుపు సన్నగిల్లింది. గొర్రెల మాట చెప్పింది. చెంబు మాట చెప్పింది. తోడు మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె చువ్వలు ఇంకా గట్టిగా పట్టుకుంది. దాన్ని ఒక్కసారే అని, ఊపిరి తీసుకోకుండా, రెండో ముక్క పట్టుకుంది.

"ఎవరినీ పిలవబాక, నన్నే పిలుచుకో సామీ
పసిదాని జోలికి రాబాక, నన్నే పిలుచుకో సామీ
గొర్రెల ఎనక తిరిగిందాన్ని, దోవ తెలిసినదాన్ని
నన్నే పిలుచుకో సామీ, నన్నే పిలుచుకో"

వార్డులో ఒక మంచం దగ్గర ఎవరో, ఆయమ్మ భలే జోల పాడుతోంది అన్నారు. ఇంకెవరో ఉష్ అన్నారు. శివకృష్ణ ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని వరండాలోకి పోయాడు. అతనికి ప్రతి మాటా తెలుసు.

ఈశ్వరి పిల్ల కాళ్ళు పట్టుకుని కూచుని ఉంది. ఈ పాట ఆమె ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. ఇప్పుడు దరువు లేదు. తల ఊపడానికి ఏమీ లేదు. మాటలు ఒక్కొక్కటీ వచ్చి చెవిలో పడుతున్నాయి. మొదట అవి ఊరికే మాటలుగా పడ్డాయి. తర్వాత ఆమె వేళ్ళు పిల్ల కాళ్ళ మీద ఆగిపోయాయి. ఈ ముసలామె ఏమడుగుతోంది? ఎవరిని అడుగుతోంది?

లేచి పోయి అత్త నోరు చేత్తో మూసింది.

"వద్దు. ఆ మాట అనబాక."

"పిల్ల పండుకుందా?" అంది గోవిందమ్మ ఆ చెయ్యి కింద నుంచి.

"పండుకుంది. నువ్వు ఆ మాట ఎనక్కు తీసుకో అత్తా."

"ఎనక్కు తీసుకుంటే దానికెవురు దిక్కు?" అని గోవిందమ్మ ఆ చెయ్యి నెమ్మదిగా తప్పించి, మంచం దగ్గరికి పోయి పిల్ల నుదురు ముట్టుకుంది. వేడిగానే ఉంది. సాయంత్రానికి చెమట పట్టింది. మర్నాడు పాలు తాగింది. మగ్దలీనమ్మ స్తోత్రం అంది. డాక్టరమ్మ ఇంకొక రోజు ఉంచుకుని, మందులు రాసి పంపించింది.

ఇంటికి పోయే బస్సులో కిటికీ పక్కన గోవిందమ్మ, ఇటు పక్క ఈశ్వరి కూచున్నారు. గోపిక తల్లి ఒళ్ళో బస్సు కుదుపులకు కిలకిలమంటోంది. గోవిందమ్మకు ఎన్నో రోజుల తర్వాత నిద్ర వచ్చింది. తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకుంది. ఆమె ముఖంలో భయమన్నది ఎక్కడా లేదు. ఈశ్వరికి అది చూసే భయమేసింది.

వెనక సీట్లో ఎవరి ఫోన్లోనో పాట మొదలైంది. ఈశ్వరి చటుక్కున తిరిగి, ఊపిరి బిగబట్టి దాని మాటలు విన్నది. వేరే పాట. అయినా ఆఖరు దాకా విన్నది. ఇటు తిరిగేసరికి అత్త తల పక్కకు ఒరిగి ఉంది.

"అత్తా."

బస్సు గుంతలో పడి లేచింది. గోవిందమ్మ కదల్లేదు.

"అత్తా! పలుకు."

"ఊఁ" అంది గోవిందమ్మ కళ్ళు తెరవకుండానే. "ఏంది?"

"ఏం ల్యా" అంది ఈశ్వరి. కొంచెం దూరం పోయాక మళ్ళీ పిలిచింది.